నిండు గిన్నె

లోకేంద్ర మూడోసారి టీ తెచ్చి డోల్కర్ లామా ముందు పెట్టాడు. రెండోసారి తెచ్చిన గ్లాసులో మీగడ తెట్టుకట్టి ముడతలు పడి ఉంది. దాన్ని ట్రేలోకి తీసుకుంటూ, "అది చల్లారిపోయింది మాననీయ మేడమ్. ఇది వేడిది," అన్నాడు మెల్లిగా.

డోల్కర్ తల ఊపింది. చేతులు రెండూ ఒళ్లోనే ఉంచుకుంది. గ్లాసు ముట్టుకోలేదు.

నిన్నమొన్నటి దాకా అది వ్యవసాయ శాఖ వాళ్లు రైతులకు పాఠాలు చెప్పే గది. దేశాన్ని రాష్ట్రాల్లాంటి ప్రదేశ్‌లుగా విడగొట్టి ఒక్కోదానికి ఒక సభ పెట్టాక, సొంత భవనం లేక సభ కమిటీలు ఇందులో కూర్చుంటున్నాయి. గోడల మీద ఆపిల్ చెట్లకు పట్టే తెగుళ్ల బొమ్మలు అలాగే ఉండిపోయాయి. కమిటీ అధ్యక్షుడు నరజంగ్ శాహీ తల వెనక నల్లమచ్చల ఆపిల్ కాయ ఒకటి ఆయన తలకన్నా పెద్దగా కనిపిస్తోంది. కుర్చీలు కొత్తవి. వాటి ప్లాస్టిక్ తొడుగులు ఎవరూ తీయలేదు. ఎవరు కదిలినా కిర్రుమంటున్నాయి. అందుకని అందరూ కదలకుండా కూర్చోవడానికి ప్రయత్నిస్తున్నారు.

శాహీ మూలికల బిల్లు చదువుతున్నాడు. డోల్కర్‌కు బజారులో మాట్లాడే నేపాలీ బాగానే వచ్చు. ఈ నేపాలీ రాదు. ఒక్కో వాక్యం మొదలై ఎక్కడెక్కడో తిరిగి, చివర క్రియ దగ్గరికి వచ్చేసరికి మొదట్లో ఏముందో మరిచిపోతోంది. కానీ ఒక అంశం మాత్రం ఆమెకు నిన్ననే తేటగా అర్థమైంది. ఎత్తు కొండల మీద జటామాంసి, కటుకరోహిణి మొలిచే వాలులన్నీ ఇకమీదట ప్రదేశ్ ప్రభుత్వం చేతిలోకి వెళతాయి. ప్రభుత్వం వాటిని ఏటేటా వేలం వేస్తుంది. పాడుకున్న కాంట్రాక్టరు తవ్వుకుపోతాడు.

డోల్కర్ ఊరికి ఉన్నది ఆ వాలే. ఒక పక్క తవ్వితే ఒక పక్కకు విశ్రాంతి ఇస్తారు. ఏ ఇంటి వంతు ఎప్పుడో, ఎక్కడిదాకా తవ్వాలో ఊరి సమావేశం చెబుతుంది. వేలంలో వచ్చినవాడు విశ్రాంతి ఇవ్వడు. వేరుతో సహా పెకలిస్తాడు.

"ప్రభుత్వం కొత్తది. రాబడి కావాలి కదా," అన్నాడు ఒక సభ్యుడు.

"రాబడి వస్తే మనకు వాహనాలొస్తాయా శాహీ గారూ? నేను ఇప్పటికీ టెంపోలో వస్తున్నాను. కండక్టరు నన్ను మాననీయా అని పిలిచి మరీ నిలబెడుతున్నాడు," అన్నాడు ఇంకొకాయన. అందరూ నవ్వారు. కుర్చీలు కిర్రుమన్నాయి.

డోల్కర్ పక్కన కూర్చున్న జౌకలా కూడా నవ్వింది. కమిటీలో ఆడవాళ్లు వీళ్లిద్దరే. జౌకలా తన టీ తాగేసి, లోకేంద్ర పోసిన రెండో గ్లాసు కూడా సగం చేసింది.

శాహీ కాగితాలు సర్దుకుని బల్ల చుట్టూ చూశాడు. "ఎవరైనా ఏమైనా చెప్పాలా? డోల్కర్ గారూ, మీరు పై కొండల వైపు వారు. మీకే బాగా తెలుస్తుంది. ఏమంటారు?"

డోల్కర్ ఏమీ అనలేదు. గ్లాసు వంక చూసింది. శాహీ కూడా గ్లాసు వంక చూశాడు. మిగతావాళ్లూ చూశారు.

"టీ తాగండి, చల్లారిపోతోంది," అన్నాడు శాహీ.

ఆమె తాగలేదు. ఆయన గోడ గడియారం చూశాడు. తర్వాత ఫైలు మూసి, "సరే. అయితే ఇవాళ్టికి చాలు," అన్నాడు.

డోల్కర్ గుండెల్లో బరువు దిగిపోయింది. ఊళ్లో పెద్ద, ఆమె మేనమామ ఛెవాంగ్, సరిగ్గా అదే మాట అంటాడు. సమావేశానికి ఎవరి కొయ్య గిన్నె వాళ్లు తెచ్చుకుంటారు. పెద్ద అందులో ఉప్పు వేసిన వెన్న టీ పోసి విషయం చెబుతాడు. ఒప్పుకున్నవాళ్లు తాగుతారు. ఒప్పుకోనివాళ్లు ముట్టుకోరు. మాటతో కాదనడం అక్కడ మర్యాద కాదు. అలాంటివాళ్ల గిన్నెల్లో పెద్ద మళ్లీ వేడి టీ పోస్తాడు, తాగమంటాడు. మూడోసారి కూడా గిన్నె నిండుగానే ఉంటే, ఇవాళ్టికి చాలు అని లేస్తాడు. అంటే ఆ పని ఆగిపోయినట్టే. మర్నాడు మళ్లీ కూర్చోవాలి.

ఇక్కడి పద్ధతి ఏమిటోనని ఆమె వారం రోజులుగా భయపడుతోంది. లోకేంద్ర మొదటి గ్లాసు తీసి రెండోది పెట్టినప్పుడు, పెద్ద సభ అయినా పద్ధతి అదేనన్నమాట అనుకుంది.

మెట్లు దిగుతుంటే లోకేంద్ర ట్రే పట్టుకుని ఎదురొచ్చాడు. ఆమె అతనికి నమస్కారం పెట్టింది. అతను కంగారుపడి, చేతుల్లో ట్రే ఉండటంతో తల మాత్రం బాగా వంచాడు.

*

సభ ఉన్న ఆ పట్నంలో డోల్కర్‌కూ జౌకలాకూ కలిపి ఒకటే గది. అద్దెకు తీసుకున్నది డోల్కర్ పేరు మీద. జౌకలా డోల్కర్ ఊరి కమ్మరివాళ్ల పిల్ల. అక్కడ కమ్మరివాళ్లను అంటరానివాళ్లుగా చూస్తారు. ఆమె ఒక్కతే వెళ్లి అడిగిన ప్రతిచోటా గది ఖాళీగా ఉండి కూడా ఖాళీ లేకుండా పోయింది. చివరికి డోల్కర్ వెళ్లి తీసుకుని, సామానుతో పాటు జౌకలాను కూడా తెచ్చుకుంది. ఇంటావిడ రెండు రోజులు ముఖం మాడ్చుకుని తర్వాత ఊరుకుంది. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా డోల్కర్‌కు తన మీద తనకు కాస్త ఇష్టంగా ఉంటుంది.

జౌకలా స్టవ్ ముందు కూర్చుని బక్‌వీట్ పిండి తడుపుతోంది. పక్కన దురదగొండి ఆకు పులుసు ఉడుకుతోంది. డోల్కర్ అల్మరాలో బట్ట చుట్టి ఉంచిన కొయ్య గిన్నె తీసి, వెన్న టీ పోసుకుంది. గిన్నె లోపల సన్నటి వెండి రేకు, దాని అంచు అమ్మమ్మ కాలం నుంచీ పెదవులు తగిలి తగిలి అరిగి ఉంది. జౌకలా ఎప్పుడూ స్టీలు గ్లాసులో తాగుతుంది.

"ఆపేశాను," అంది డోల్కర్.

"ఏంటి దిదీ?"

"మూలికల బిల్లు. ఇక రేపు మళ్లీ మాట్లాడాల్సిందే."

జౌకలా రొట్టె పెనం మీద వేసింది. రేడియోలో వార్తలు మొదలయ్యాయి. వంతెన కొట్టుకుపోయిన సంగతి చెప్పారు. టమాటా ధర చెప్పారు. ఆ తర్వాత ప్రదేశ్ సభ మూలికల బిల్లును కమిటీ ఏకగ్రీవంగా ఆమోదించిందనీ, ఎల్లుండి సభ ముందుకు వస్తుందనీ చెప్పారు.

డోల్కర్ గిన్నె కింద పెట్టింది. "ఇది వేరే బిల్లేమో."

"అదే, దిదీ."

మూడో రొట్టె పెనం మీద పడేసరికి ఫోను మోగింది. మేనమామ. ఊళ్లో సిగ్నల్ ఉండదు, పైన రాళ్లగుట్ట దాకా ఎక్కి మాట్లాడాలి. గాలి హోరులో ఆయన గొంతు వస్తూ పోతూ ఉంది.

"రేడియోలో విన్నాం. తాగావా?"

"లేదు మావయ్యా. మూడుసార్లు పోశారు. ముట్టుకోలేదు."

"మరి ఎవరూ చూడలేదా?"

"చూశారు. అందరూ చూశారు."

"చూసి కూడానా?" కాసేపు గాలి. "అక్కడ గిన్నెలు చూసే మనిషి ఎవరు? అతని పేరేంటి?"

"లోకేంద్ర. టీ ఇస్తాడు."

"ఎవరివాడు? మంచివాడేనా?"

"మంచివాడే. ఆయనకేమీ తెలియదనుకుంటా మావయ్యా."

"తెలియనివాణ్ని ఎలా పెట్టారు అక్కడ?" అన్నాడాయన. ఆ తర్వాత ఫోను తెగిపోయింది.

జౌకలా మోకాళ్ల మీద ముఖం పెట్టుకుని నవ్వుతోంది. భుజాలు కదులుతున్నాయి. "లోకేంద్రన్న నన్ను అడిగాడు దిదీ. మేడమ్‌కి పంచదార జబ్బా, రేపట్నుంచి ఉత్త వేణ్నీళ్లు పెట్టమంటారా అని."

"నవ్వు. నవ్వుకో," అంది డోల్కర్. ఆమె ముఖం ఎర్రబడింది. "మా ఊళ్లో ఒక్క గిన్నె నిండుగా ఉన్నా పని ఆగుతుంది. ఒక్కరు ఇష్టపడకపోయినా సరే. ఈ బల్లలూ మైకులూ ఏం చేసుకోను? మనిషి నోరు మూసుకుని కూర్చుంటే ఎందుకు కూర్చుందో చూడరా?"

జౌకలా నవ్వు ఆగింది. రొట్టె తిరగేసి, అంచులు వేళ్లతో నొక్కింది.

"నాకు తెలుసు దిదీ నువ్వెందుకు తాగలేదో."

"నీకెలా తెలుసు?"

"మీ సమావేశాలకు మా నాన్న వచ్చేవాడు కదా. ఆయనతో నేనూ వచ్చేదాన్ని. మేం గోడ అవతల కూర్చునేవాళ్లం. లేచి నిలబడితే మీ గిన్నెలు కనిపించేవి. ఎవరిది నిండుగా ఉందో, ఎవరిది ఖాళీ అయిందో చెప్పమని నాన్న అడిగేవాడు."

"తెలిసి మరి అక్కడ ఎందుకు చెప్పలేదు? శాహీ గారికి ఒక్క మాట చెప్పి ఉంటే..."

"నన్నెవరూ అడగలేదు."

రొట్టె కాలిన వాసన వచ్చింది. జౌకలా దాన్ని తీసి పళ్లెంలో వేసి డోల్కర్ వైపు తోసింది.

"పై బాట బాగుచేసే పని మా ఇళ్లకు ఎక్కువ వేసిన ఏడాది, మా నాన్న కూడా ఒక్క మాట మాట్లాడలేదు. సమావేశం అయ్యేదాకా అలాగే కూర్చున్నాడు. నీలాగే. ఆయన ముందు గిన్నె లేదు, అంతే తేడా." ఇంకో ముద్ద తీసుకుని చేతుల మధ్య తట్టడం మొదలుపెట్టింది. "మర్నాడు పొద్దున్నే పార తీసుకుని పనికెళ్లాడు."

*

పార్టీ విప్ హిక్మత్ భండారి సభాభవనం వెనక ఎండలో కుర్చీ వేసుకుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. డోల్కర్ ఎదురుగా నిలబడితే, కూర్చోమని చూపించడానికి ఇంకో కుర్చీ లేక, తనే సగం లేచి మళ్లీ కూర్చున్నాడు.

"ఇది మన పార్టీ బిల్లు, మాననీయా. ప్రతిపక్షం కూడా సరేనంది. ఇలాంటి అదృష్టం మళ్లీ రాదు."

"నేను కమిటీలో వద్దన్నాను."

"ఎప్పుడు?"

"టీ తాగలేదు."

భండారి ఆమె ముఖం చూశాడు. ఎగతాళి చేస్తోందేమోనని అనుమానం. అలా లేదు. చేతిలో పప్పులు నోట్లో వేసుకుని నమిలేదాకా ఆలోచించాడు.

"చూడండి. రేపు సభాపతి రెండుసార్లు అడుగుతారు. ఒప్పుకున్నవాళ్లు సరే అనండి అంటారు. మీరు సరే అనాలి. ఒప్పుకోనివాళ్లు వద్దు అనండి అంటారు. అప్పుడు ఊరుకోవాలి. ఇంతే పని."

"ఊరుకుంటే వద్దన్నట్టు కాదా?"

"కాదు. ఊరుకుంటే సరేనన్నట్టు."

"మొదటిసారి అడిగినప్పుడు కూడా ఊరుకుంటే?"

"అప్పుడూ సరేనన్నట్టే."

డోల్కర్ దాన్ని మనసులో అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "మరి వద్దనాలంటే ఏం చేయాలి?"

"వద్దనకూడదు," అన్నాడు భండారి ఓపిగ్గా. తర్వాత గొంతు తగ్గించాడు. "మిమ్మల్ని పార్టీ జాబితాలో పెట్టి పంపింది. మీ వెనక జాబితాలో ఇంకొకామె ఉంది. ఆవిడ మంచి చీర కూడా కొనుక్కుని కూర్చుంది. నేను బెదిరించడం లేదు. ఉన్నమాట చెబుతున్నాను. తీసుకోండి, వేరుశనక్కాయలు."

ఆమె గుప్పెడు తీసుకుంది. కాదనడం మర్యాద కాదు కాబట్టి తీసుకుంది. ఆవరణ దాటి రోడ్డు మీదికి వచ్చాక, తీసుకోవడం కూడా సరేనన్నట్టేనేమో అని అనుమానం వచ్చింది. కాయలు గుప్పెట్లోనే ఉన్నాయి. తినాలో పారేయాలో తెలియలేదు. చివరికి ఒక మేకకు పెట్టింది.

*

మర్నాడు సభ నిండుగా ఉంది. కొత్త తివాచీ జిగురు వాసన ఇంకా పోలేదు. శాహీ లేచి నిలబడి, మూలికల బిల్లు మీద కమిటీ నివేదికను సభ ముందు ఉంచుతున్నాననీ, కమిటీ దీన్ని ఏకగ్రీవంగా ఆమోదించిందనీ చదివాడు. కొంతమంది బల్లలు చరిచారు. బల్లలు చరచాలా చప్పట్లు కొట్టాలా అన్నది ఇంకా తేలలేదు కాబట్టి కొంతమంది చప్పట్లు కొట్టారు.

డోల్కర్ లేచి నిలబడింది. మైకు ఎలా వేయాలో ఆమెకు తెలియదు. అందుకని పొలంలో పిలిచినట్టు గట్టిగా అంది, "నేను ఒప్పుకోలేదు."

చప్పట్లు ఆగిపోయాయి. సభాపతి కళ్లద్దాలు సవరించుకున్నారు. "మాననీయ సభ్యురాలు... ఇప్పుడు మీ సమయం కాదు."

"ఏకగ్రీవం అన్నారు. నేను ఒప్పుకోలేదు."

శాహీ నిజంగానే నొచ్చుకున్నాడు. "నేను పేరు పెట్టి అడిగాను కదా. మీరు ఒక్క మాట కూడా అనలేదు."

"మూడుసార్లు టీ పోశారు. నేను తాగలేదు. మీరు చూశారు."

మొదట వెనక వరసలో ఎవరో నవ్వారు. అక్కణ్నుంచి నవ్వు ముందుకు పాకింది. "క్యాంటీన్ వాళ్లను సాక్ష్యానికి పిలిపించండి," అన్నాడొకడు. "పంచదార ఎక్కువైతే ఏం చేయాలి, మద్దతు రెండింతలా?" అన్నాడు ఇంకొకడు. భండారి నవ్వలేదు. చేత్తో కూర్చోమని సైగ చేస్తున్నాడు.

డోల్కర్ కూర్చోలేదు. బల్ల అంచు పట్టుకుంది. "మీ పద్ధతి నాకు తెలియదు," అంది. "మా పద్ధతి మీకు తెలియదు. ఇప్పుడు నోటితోనే చెబుతున్నాను. వాలులు వేలం వేసే అంశం నాకు వద్దు."

నవ్వు సన్నగిల్లింది. శాహీ ఆమె వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆయనకు ఆ మూడో గ్లాసు గుర్తొచ్చినట్టుంది. టీ తాగండి, చల్లారిపోతోంది అని తను అన్నది కూడా.

సభాపతి నియమావళి తిరగేశారు. అది కాఠ్‌మాండూ సభ నియమావళిని చూసి రాసుకున్నది. కార్యదర్శి వచ్చి చెవిలో ఏదో చెప్పాడు. ఆయన మళ్లీ వెనక్కి తిరగేశారు. ఏకగ్రీవం అన్నాక ఒకరు లేచి కాదంటే ఏం చేయాలో అందులో ఎక్కడా లేదు. చాలాసేపు సభలో పేజీల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

చివరికి ఆయన పుస్తకం మూశారు. "ఈ విషయం మళ్లీ కమిటీకి పంపుతున్నాను. రేపు కూర్చోండి. సభకు ఇవాళ్టికి చాలు."

బయట వసారాలో శాహీ ఆమెను ఆపాడు. కోపంగా లేడు, అలసిపోయి ఉన్నాడు. "కమిటీలో మీరు ఒక్కరే అయితే బిల్లు ఆపలేను, డోల్కర్ గారూ. అది నా చేతిలో లేదు. కానీ ఇంకొక్కరు మీతో కలిసి వద్దంటే, ఆ వేలం అంశం తీసి పక్కన పెడతాను. ఎవరినైనా ఒప్పించుకోండి. రేపు నోటితో చెప్పమనండి." రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "మీకు పంచదార పడదని అనుకున్నాను నేను."

భండారి ఆమె పక్కనుంచే వెళ్లాడు. చూడనట్టు వెళ్లాడు.

*

సాయంత్రం డోల్కర్ వెన్న టీ తనే చిలికింది. అల్మరాలోంచి కొయ్య గిన్నె తీసి, బట్ట విప్పి, అందులో టీ పోసింది. రెండు చేతులతో తెచ్చి జౌకలా ముందు పెట్టింది.

జౌకలా గిన్నెనూ ఆమెనూ మార్చి మార్చి చూసింది. "నా గ్లాసు అక్కడుంది దిదీ."

"ఇందులో తాగు."

జౌకలా గిన్నె ముందు కాళ్లు ముడుచుకుని కూర్చుంది.

"రేపు నాతో కలిసి వద్దని చెప్పు, బహినీ," అంది డోల్కర్. "ఇంకొక్కరు చాలంట. మన వాలు మనకే ఉంటుంది. కాంట్రాక్టరు వస్తే అయిదేళ్లలో అక్కడ గడ్డి కూడా మొలవదు. నీకు తెలుసు. ఆ మూలికలు తవ్వే గునపాలు మీ నాన్నే కదా చేసేది."

జౌకలా టీ వంక చూస్తోంది. వేడి పొగ సన్నగా లేచి ఆగిపోయింది. పైన వెన్న చిన్న చిన్న చుక్కలుగా తేలి, ఒకదానికొకటి చేరుతోంది. డోల్కర్ ఆమె చేతుల వైపు చూసింది. చేతులు ఒళ్లో ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి.

మన వాలు అన్న మాట గదిలో అలాగే ఉండిపోయింది. గునపాలు కమ్మరి ఇళ్లలో తయారవుతాయి. ప్రతి వేసవిలోనూ డోల్కర్ వాళ్ల ఇంటికి కొత్త గునపం వస్తుంది. వంతులు చదివేటప్పుడు కమ్మరి ఇళ్ల పేరు ఎప్పుడైనా విన్నానా అని ఆమె గుర్తు చేసుకోబోయింది. చాలాసేపు వెతికింది. దొరకలేదు.

"కాంట్రాక్టరు వస్తే మావాళ్లకు కూలి ఇస్తాడంటున్నారు," అంది జౌకలా, తప్పు చేసినదానిలా. "అబద్ధమే అయ్యుండొచ్చు. కానీ ఆ వాలు మీద మమ్మల్ని తవ్వమని అన్నవాడు ఇప్పటిదాకా అతనొక్కడే."

డోల్కర్ లేచింది. ఫోను తీసుకుని డాబా మీదికి వెళ్లింది. కింద బజారులో దీపాలు వెలుగుతున్నాయి. మేనమామకు ఫోను చాలాసార్లు చేశాక కలిసింది. ఆయన గుట్ట మీదే ఎదురుచూస్తున్నట్టున్నాడు.

"విన్నాం. రేడియోలో నీ పేరు చెప్పారు. పిల్లలు గంతులేస్తున్నారు. రేపు ఆగుతుందా?"

"మావయ్యా, వాలు మీద కమ్మరి ఇళ్లకు కూడా వంతు వేయాలి."

గాలి.

"సమావేశంలో వాళ్లను గోడ లోపల కూర్చోబెట్టాలి. వాళ్ల ముందు గిన్నె పెట్టాలి. నువ్వే పోయాలి."

గాలి హోరు, దూరంగా ఒక కుక్క. ఫోను తెగిందేమోనని ఆమె చూసుకుంది. తెగలేదు. ఆయన ఊపిరి వినబడుతూనే ఉంది. ఊళ్లో అయితే ఆ మౌనానికి అర్థం ఆమెకు బాగా తెలుసు. పుట్టిన దగ్గర్నుంచీ తెలుసు.

"మావయ్యా," అంది, "ఇక్కడ ఊరుకుంటే సరేనన్నట్టు లెక్క."

ఇంకాసేపు ఆగింది. ఆయన మాట్లాడలేదు. "అయితే సరే," అని ఆమె ఫోను పెట్టేసింది. ఆయన నిజంగా ఒప్పుకున్నాడో, తనే ఒప్పించేసుకుందో తెలియలేదు. ఇన్నాళ్లూ అందరూ తనను ఒప్పించుకున్నది కూడా ఇలాగేనా అనిపించింది.

కిందికి వచ్చేసరికి జౌకలా అక్కడే కూర్చుని ఉంది. తలుపు తీసి ఉంది. డాబా మీది మాటలు గదిలోకి వినబడతాయి. ఆమె ముఖం చూస్తే విన్నదో లేదో తెలియడం లేదు. గిన్నె నిండుగానే ఉంది. టీ పైన వెన్న గడ్డకట్టింది.

డోల్కర్ గిన్నె ఎత్తి, చల్లారిన టీ అంతా తపేలాలోకి ఒంపింది. స్టవ్ వెలిగించింది. వెన్న కరిగి పొంగు వచ్చేదాకా గరిటెతో కలుపుతూ నిలబడింది. తర్వాత మళ్లీ గిన్నె నింపి, రెండు చేతులతో తెచ్చి జౌకలా ముందు పెట్టి, ఎదురుగా నేల మీద కూర్చుంది.